బొమ్మలో దాగిన ఆజ్ఞ

బొమ్మ అనగానే అది కంటితో చూడదగిన వస్తువు అనే మన భావన. గోడకు వేలాడే పటం గాని, పత్రికలో అచ్చయిన ఛాయాచిత్రం గాని తనంత తాను ఏ పనీ చేయదు. బొమ్మను చూచినంత మాత్రాన మన పెట్టె తాళం ఊడిపోవటం, మన ఉత్తరాలు పరాయివారి చేతికి చేరటం ఎన్నడూ జరగదు. కాగితం మీది బొమ్మల విషయంలో ఈ నమ్మకం ముమ్మాటికీ నిజం. కాని కంప్యూటరు తెరమీదను, మన చేతి ఫోను మీదను నిత్యం కనిపించే బొమ్మలలో ఒక జాతికి మాత్రం ఇది పూర్తిగా వర్తించదు. వెక్టర్ చిత్రాలని పేరు గల ఆ జాతి బొమ్మలలో ఆజ్ఞలు కూడా ఇమిడి ఉండవచ్చును. ఆ ఆజ్ఞలను ఎవరు వ్రాస్తారు, ఎవరు పాటిస్తారు, ఎవరి అధికారంతో పాటిస్తారు అన్న మూడు ప్రశ్నలే ఈ ప్రసంగానికి విషయం.

ముందుగా బొమ్మలలోని రెండు జాతులను గూర్చి తెలుసుకొందాము. కెమెరాతో తీసిన ఛాయాచిత్రాన్ని యంత్రం గళ్ళుగళ్ళుగా విభజించి, ఏ గడికి ఏ రంగో వరుసగా వ్రాసి దాచుకుంటుంది. ఆ బొమ్మను బాగా పెద్దది చేసి చూస్తే గళ్ళు బయటపడి రూపం చెదిరిపోతుంది. వెక్టర్ చిత్రం సంగతి వేరు. పొరుగూరిలోని చెల్లెలికి ఒక గృహిణి సంక్రాంతి ముగ్గు నేర్పదలచినదనుకొనండి. ఆమె ముగ్గునంతా కాగితం మీద గీయనక్కరలేదు. “11 చుక్కలు, సందుచుక్క 6 వరకు” అని వ్రాసి, ఏ చుక్కను ఏ చుక్కతో కలపవలెనో చెబితే చాలును. ఆ ఉత్తరంలో బొమ్మ లేదు. బొమ్మ వేసే విధానం ఉన్నది. చెల్లెలు దానిని చిన్న వాకిటనైనా వేయవచ్చును, గుడి ముంగిట పెద్దదిగానైనా వేయవచ్చును. గీత ఎక్కడా చెదరదు. వెక్టర్ చిత్రం సరిగా ఇట్టి ఉత్తరమే. “ఇక్కడ నుంచి అక్కడకు గీత గీయుము, ఇంత వ్యాసార్థంతో వృత్తం వేయుము, దానిని ఎఱ్ఱరంగుతో నింపుము” అన్న వాక్యాల వరుస అది. మన కంప్యూటరులో వెబ్ పుటలను చూపే బ్రౌజర్ అనే సాధనం ఆ వాక్యాలను చదివి, అప్పటికప్పుడు బొమ్మ వేసి చూపుతుంది.

వెబ్ ప్రపంచంలో ఈ జాతి చిత్రాలకు ప్రామాణికమైన రూపం స్కేలబుల్ వెక్టర్ గ్రాఫిక్స్, క్లుప్తంగా ఎస్.వి.జి. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం అనే ప్రమాణ సంస్థ 1998లో దీనిపై పని ఆరంభించి, 2001 సెప్టెంబరు 4న మొదటి ప్రమాణాన్ని ప్రకటించినది. నేడు సంస్థల చిహ్నాలు, పటాలు, రేఖాపటాలు, మీటలపై కనిపించే చిన్న గుర్తులు ఎన్నో ఈ రూపంలోనే ఉన్నవి. ఫైలు పరిమాణం తక్కువ. ఏ తెరపైనైనా స్పష్టత ఎక్కువ. ఎస్.వి.జి. ఫైలును సాధారణమైన వ్రాత సాధనంలో తెరచి చూస్తే కనిపించేది కేవలం అక్షరాలే.

చిక్కు ఇక్కడనే ఆరంభమవుతున్నది. ఈ ప్రమాణాన్ని రూపొందించినవారు బొమ్మ కదలవలెననీ, చూచేవారి స్పర్శకు స్పందించవలెననీ కోరుకున్నారు. జిల్లాల పటంలో ఒక జిల్లాను తాకితే దాని రంగు మారి పేరు కనిపించటం, రేఖాపటంలో ఒక గీతపై వేలుంచితే అంకె వెలువడటం ఇందువల్ల సాధ్యమైనవి. దీనికోసం బొమ్మ వేసే వాక్యాల నడుమ స్క్రిప్టును, అనగా బ్రౌజర్ నెరవేర్చవలసిన ఆజ్ఞలను, వ్రాసే వీలు కల్పించారు. “ఈ బొమ్మ తెరపైకి రాగానే ఫలానా పని చేయుము” అని అందులో వ్రాయవచ్చును. “ఈ గీతను తాకగానే ఫలానా పని చేయుము” అనవచ్చును. బొమ్మలో మరొక పూర్తి వెబ్ పుటనే ఇమడ్చవచ్చును. ఇవన్నీ తెలిసి, ఆలోచించి కల్పించిన శక్తులు. కాని ముగ్గు విధానం వ్రాసిన ఉత్తరంలో ఎవడో దుర్మార్గుడు చివర ఒక వాక్యం చేర్చి, “ముగ్గు పూర్తి కాగానే వీధి తలుపు గడియ తీసి ఉంచుము” అని వ్రాస్తే, చెల్లెలు ఆ వాక్యం వద్ద ఆగి ఆలోచిస్తుంది. యంత్రం ఆగదు. దానికి గీత గీయుమన్న వాక్యమూ, గడియ తీయుమన్న వాక్యమూ ఒకటే.

అయితే బ్రౌజర్ ఎవరు చెప్పిన ఆజ్ఞనైనా నెరవేరుస్తుందా? నెరవేర్చదు, దానికి ఒక కట్టుబాటు ఉన్నది. 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ అనే నిపుణుడు జావాస్క్రిప్ట్ అనే భాషను సృష్టించి, వెబ్ పుటలలో ఆజ్ఞలు వ్రాసే మార్గం తెరచినాడు. దానితోపాటే ఒక నియమం కూడా అవసరమైనది. ఒక వెబ్‌సైటు నుంచి వచ్చిన ఆజ్ఞ ఆ సైటుకు చెందిన సమాచారాన్నే ముట్టవలెను. మరొక సైటు సమాచారాన్ని చదవరాదు. దీనిని ఏకమూల నియమం అనవచ్చును. మన బ్యాంకు పుట ఒకవైపు, ఏదో వినోదపు పుట మరొకవైపు తెరచి ఉన్నప్పటికీ రెండవది మొదటిదానిలోని లెక్కలు చదవలేకపోవటం ఈ నియమం వల్లనే.

ఈ నియమం బలమైనదే. కాని ఇది ఆజ్ఞ ఏ చిరునామా నుంచి వచ్చినదో చూస్తుంది గాని, దానిని వ్రాసినది ఎవరో చూడదు. పెద్ద దుకాణంలో యజమాని గదిలోనుంచి వచ్చిన చీటీలన్నీ యజమానివేనని గుమాస్తా నమ్మినట్లే బ్రౌజర్ కూడా నమ్ముతుంది. పరాయివాడు ఆ గదిలోని బల్లమీద తన చీటీ ఒకటి పెట్టి రాగలిగితే, గుమాస్తా దానిని కూడా శిరసావహిస్తాడు. వెబ్ రంగంలో ఈ మోసానికి క్రాస్-సైట్ స్క్రిప్టింగ్ అని పేరు. 2000 ఆరంభంలో మైక్రోసాఫ్ట్ నిపుణులు ఈ పేరు పెట్టారు. ఆ సంవత్సరం ఫిబ్రవరి 2న అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన సెర్ట్ కేంద్రం దీనిని గురించి బహిరంగమైన హెచ్చరిక వెలువరించినది.

ఇందువల్ల కలిగే నష్టం ఎట్టిదో చూడండి. మనం ఒక సైటులో పాస్‌వర్డ్ ఇచ్చి ప్రవేశించిన తరువాత, ప్రతి పుటలోనూ మళ్ళీ మళ్ళీ అడగకుండా ఆ సైటు మన బ్రౌజర్‌కు ఒక గుర్తుచీటీ ఇస్తుంది. దానిని కుకీ అంటారు. పరాయివాడి ఆజ్ఞ ఆ సైటు పేరుతో నడిస్తే, ఆ చీటీని దొంగిలించవచ్చును. చీటీని స్క్రిప్టు చదవరాదని సైటువారు కట్టుదిట్టం చేసినప్పటికీ ప్రమాదం తీరదు. ఆ ఆజ్ఞ మన బ్రౌజర్‌లో కూర్చుని, మన పేరుతోనే ఉత్తరాలు చదవగలదు, చిరునామాలు మార్చగలదు, మనం నొక్కవలసిన మీటలు తానే నొక్కగలదు. సైటువారి దృష్టిలో ఆ పనులన్నీ మనమే చేసినట్లు.

ఇక వెక్టర్ చిత్రం ఈ మోసానికి ఎట్లా తోడ్పడుతున్నదో పరిశీలింతము. ఒకే ఎస్.వి.జి. ఫైలు బ్రౌజర్ ముందుకు పలు మార్గాల వస్తుంది. వెబ్ పుటను కూర్చినవారు దానిని కేవలం బొమ్మగా చూపుమని పేర్కొన్నప్పుడు, బ్రౌజర్ గీతలు గీసి, రంగులు నింపి, లోపలి స్క్రిప్టులను పూర్తిగా పక్కన పెడుతుంది. ఇది సురక్షితమైన మార్గం. కాని అదే ఫైలు చిరునామాను నేరుగా నొక్కి, దానిని విడిగా ఒక పుటగా తెరచినప్పుడు, బ్రౌజర్ దానిని బొమ్మగా గాక ఒక పత్రంగా భావిస్తుంది. అప్పుడు లోపలి ఆజ్ఞలన్నీ నడుస్తవి. పుటలో మరొక పత్రాన్ని చట్రం కట్టి చూపే పద్ధతిలోనూ, ఎస్.వి.జి. వాక్యాలను పుటలోని వాక్యాలతో నేరుగా కలిపివేసే పద్ధతిలోనూ ఇదే జరుగుతుంది.

ఉదాహరణకు, సభ్యులు తమ ముఖచిత్రాలను చేర్చుకొనే ఒక సైటు ఉన్నదనుకొందాము. సైటు నిర్మాతలు “బొమ్మలు మాత్రమే పంపవచ్చును” అని నియమం పెట్టి, ఎస్.వి.జి. కూడా బొమ్మే గదా అని అనుమతించారు. ఒక దుష్టుడు అందమైన పువ్వు బొమ్మలో తన ఆజ్ఞలు చేర్చి పంపినాడు. పుటలో అది పువ్వుగానే కనిపిస్తుంది; ఎవరికీ అనుమానం కలుగదు. తరువాత అతడు ఆ బొమ్మ చిరునామాను తోటి సభ్యులకు పంపి, చూడుమంటాడు. చిరునామా తమకు పరిచయమైన సైటుదే. “తెలియని చిరునామాలను నొక్కకుడు” అన్న హితవు ఇక్కడ పని చేయదు. నొక్కినవారి బ్రౌజర్‌లో పువ్వు వికసిస్తుంది. దానితోపాటు అతని ఆజ్ఞలు ఆ సైటు పేరుతో నడుస్తవి.

ఇది ఊహామాత్రమైన భయం కాదు. 2011లోనే జర్మనీలోని బోకుమ్ నగరపు రూర్ విశ్వవిద్యాలయంలో మారియో హైడెరిక్, ఆయన సహచరులు ఎస్.వి.జి. చిత్రాలలోని ప్రమాదాలను విపులంగా పరిశోధించి ఒక పత్రం ప్రకటించారు. పన్నెండేండ్ల తరువాత యూరప్‌లో ఒక సంఘటన జరిగినది. రౌండ్‌క్యూబ్ అనేది బ్రౌజర్‌లో ఉత్తరాలు చదువుకొనటానికి ఎన్నో సంస్థలు ఉపయోగించే ఉచితమైన సాధనం. 2023 అక్టోబరు 11న స్లొవేకియా దేశానికి చెందిన ఎసెట్ అనే భద్రతా సంస్థవారు, కొన్ని యూరోపియన్ ప్రభుత్వ కార్యాలయాలకూ, ఒక పరిశోధనా సంస్థకూ వచ్చిన ఉత్తరాలలో ఒక వింతను కనిపెట్టారు. పైకి అవి మైక్రోసాఫ్ట్ వారి ఔట్‌లుక్ సేవనుంచి వచ్చిన మామూలు సమాచారంవలె ఉన్నవి. ఉత్తరపు అడుగున మాత్రం ఒక ఎస్.వి.జి. ఖండం ఉన్నది. వింటర్ వైవర్న్ అని పరిశోధకులు పేరు పెట్టిన గూఢచారి బృందం పని అది.

రౌండ్‌క్యూబ్ నిర్మాతలు అజాగ్రత్తపరులేమీ కారు. వచ్చిన ప్రతి ఉత్తరంలోనూ ప్రమాదకరమైన ఆజ్ఞలను ఏరిపారవేసే జల్లెడ ఒకటి వారి సాధనంలో ఉన్నది. కాని దుష్టులు కవరులో కవరు పెట్టినట్లు, ఒక చిత్రఖండంలో మరొక చిత్రాన్ని సంకేతాక్షరాలుగా మార్చి దాచారు. జల్లెడకు అది అర్థంలేని అక్షరాల వరుసగా తోచినది. బ్రౌజర్ మాత్రం ఆ అక్షరాలను విప్పి చదివినది. లోపలి వాక్యం యుక్తి చూడండి: లేని బొమ్మ నొకదానిని తెమ్మనటం, అది దొరకకపోతే ఫలానా పని చేయుమనటం. బొమ్మ ఎట్లాగూ దొరకదు కనుక పని తప్పక జరుగుతుంది. ఉత్తరం అందుకొన్నవారు ఏ మీటా నొక్కనక్కరలేదు, ఏ ఫైలూ తెరవనక్కరలేదు. ఆ ఉత్తరాన్ని బ్రౌజర్‌లో చూచినంతనే ఆజ్ఞ నడిచి, వారి ఉత్తరాలను దూరాన ఉన్న మరొక యంత్రానికి చేరవేయగలిగినది. ఎసెట్ వారు మరునాడే రౌండ్‌క్యూబ్ వారికి తెలియజేశారు; అక్టోబరు 16న సవరించిన ప్రతులు వెలువడినవి.

కథ అంతటితో ముగియలేదు. అదే సాధనంలో మరొక లోపానికి 2024 మే నెలలో సవరణ చేయవలసి వచ్చినది. ఎస్.వి.జి. బొమ్మలో కదలిక కలిగించే వాక్యాన్ని జల్లెడ పరీక్షించేటప్పుడు, నిషిద్ధమైన ఒక పదం ఉన్నదేమో అని చూచేది. దుష్టులు ఆ పదం చివర ఒక ఖాళీ జాగా వదిలారు. జల్లెడ దానిని వేరొక పదమనుకొని వదిలివేసినది. బ్రౌజర్ ఆ ఖాళీని లెక్కచేయక పాత పదంగానే చదివినది. జూన్ నెలలో మాజీ సోవియట్ దేశాల కూటమిలోని ఒక ప్రభుత్వ సంస్థకు ఈ మార్గాన ఉత్తరం వచ్చినట్లు ఆ తరువాత బయటపడినది. సవరణ వెలువడటం ఒక ఎత్తు, దానిని ప్రతి కార్యాలయంలోనూ అమర్చుకొనటం మరొక ఎత్తు.

ఈ రెండు ఉదంతాలలోనూ ఒకే నీతి ఉన్నది. వడపోసేవాడూ, చదివేవాడూ వేరైనప్పుడు, ఒకే వాక్యాన్ని వారిద్దరూ రెండు విధాల అర్థం చేసుకొనే సందు ఎక్కడో ఒకచోట మిగులుతుంది. దొంగ ఆ సందునే వెతుకుతాడు. అందువల్ల జాగ్రత్తపడే నిర్మాతలు ఒక్క జల్లెడమీదనే ఆధారపడక, అంచెలంచెలుగా రక్షణ ఏర్పరచుకుంటున్నారు.

మొదటి అంచె, అవసరం లేనిచోట ఈ చిత్రాలను స్వీకరించకపోవటం. వెబ్‌సైట్ల నిర్మాణానికి విస్తారంగా ఉపయోగించే వర్డ్‌ప్రెస్ సాధనం, నిర్వాహకుడు ప్రత్యేకమైన ఏర్పాటు చేసుకొంటే తప్ప, ఎస్.వి.జి. ఫైళ్ళను తీసుకొనదు. రెండవది శుద్ధి చేయటం. ఇందులో “ఫలానావి నిషిద్ధం” అని జాబితా వ్రాయటం కంటె, “గీత, వృత్తం, రంగు మొదలైన ఇవి మాత్రమే అనుమతం” అని వ్రాయటం మేలు. నిషిద్ధాల జాబితాలో ఎప్పుడూ ఒకటి మరచిపోవటం జరుగుతుంది. మూడవది, ఆజ్ఞలకు తావు లేకుండా బొమ్మను గళ్ళ చిత్రంగా మార్చి చూపటం. వికీమీడియా సంస్థ ఈ పద్ధతి అవలంబించినది. పాఠకులు చేర్చే ఎస్.వి.జి. చిత్రాలలో స్క్రిప్టులున్నవేమో పరీక్షించి, వ్యాసాలలో వాటి గళ్ళ ప్రతులను చూపుతూ వచ్చినది. మూల ఫైళ్ళను మాత్రం వేరొక చిరునామాలో దాచినది. 2003 డిసెంబరులో ఆరంభమైన మన తెలుగు వికీపీడియాలో దేశాల పటాలు, పతాకాలు చూచిన పాఠకులు ఈ ఏర్పాటు ఫలితాన్ని తమకు తెలియకుండానే అనుభవించి ఉన్నారు.

వేరొక చిరునామా అన్నదే నాలుగవ అంచె. ఇది మన ఏకమూల నియమాన్ని మనకే అనుకూలంగా త్రిప్పుకొనటం. పరాయివారు పంపిన ఫైళ్ళన్నిటినీ సైటు అసలు చిరునామాకు సంబంధం లేని మరొక చిరునామాలో ఉంచితే, వాటిలో ఆజ్ఞ నడిచినా అది ఖాళీ కొట్టులో అరచిన అరుపే. సభ్యుల గుర్తుచీటీలు గాని ఉత్తరాలు గాని అక్కడ ఉండవు. అయిదవది, సర్వర్ తాను పంపే ప్రతి ఫైలుతోనూ బ్రౌజర్‌కు ఒక కట్టడి పత్రం జతచేయటం. “ఇందులోని స్క్రిప్టులను నడపకుము, దీనిని తెరపై తెరవక దాచుకొనటానికి మాత్రమే ఇమ్ము” అని అందులో చెప్పవచ్చును. దీనిలో ముఖ్యమైన భాగానికి కంటెంట్ సెక్యూరిటీ పాలసీ అని పేరు. ఈ అంచెలలో ఏ ఒక్కటీ సంపూర్ణం కాదు. ఒకటి తప్పినచోట మరొకటి ఆపవలెననే ఇన్ని.

ఇవన్నీ నిర్మాతల బాధ్యతలు. మరి గృహస్థుల మాటేమి? ఉత్తరానికి జతగా వచ్చే ఎస్.వి.జి. ఫైలు విషయంలో కొంత జాగ్రత్త మన చేతిలోనే ఉన్నది. ఇటీవలి సంవత్సరాలలో మోసగాళ్ళు చెల్లింపు రసీదనీ, ధ్వని సందేశమనీ పేరు పెట్టి ఇట్టి ఫైళ్ళు పంపుతున్నారు. వాటిని తెరచినప్పుడు చాలా యంత్రాలలో అవి బ్రౌజర్‌లోనే తెరచుకొని, బ్యాంకు పుటను పోలిన పుటను చూపి పాస్‌వర్డ్ అడుగుతవి. ఇది పై మోసానికి తమ్ముడువంటిది. సైటు పేరును దొంగిలించక, చూచేవారి నమ్మకాన్ని దొంగిలిస్తుంది. ఉత్తరాల నడుమ నేరుగా ఇమిడ్చిన ఎస్.వి.జి. చిత్రాలను చూపటం మానివేస్తున్నట్లు మైక్రోసాఫ్ట్ వారు 2025లో తమ ఔట్‌లుక్ సేవ విషయంలో ప్రకటించారు. మనం జ్ఞాపకం ఉంచుకొనవలసిన సూత్రం ఒక్కటే: రసీదు గాని, బొమ్మ గాని పాస్‌వర్డ్ అడగవలసిన పని లేదు. అడిగితే అది బొమ్మ కాదు. ఫైలు పేరు చివర ఎస్.వి.జి. అన్న అక్షరాలుండి, పంపినవారిని మనం ఎరుగకపోతే దానిని తెరవక తొలగించుట మేలు. బ్రౌజర్‌కూ, ఫోనుకూ వచ్చే సవరణలను వాయిదా వేయక అమర్చుకొనవలెను. బ్యాంకు పని ముగియగానే ఆ సైటునుంచి విధిగా నిష్క్రమించవలెను; గుర్తుచీటీ చెల్లనప్పుడు దొంగకు దానితో పని ఉండదు.

మన పాఠశాలలకు, సంఘాలకు, గృహ సముదాయాలకు కూడా నేడు సొంత సైట్లున్నవి. వాటి నిర్వహణ తరచుగా ఉత్సాహవంతులైన ఒకరిద్దరు యువకుల చేతిలో ఉంటుంది. పిల్లల పేర్లు, తల్లిదండ్రుల ఫోను సంఖ్యలు, చెల్లింపుల వివరాలు అందులో ఉంటవి. సభ్యులు పంపే బొమ్మలలో ఎస్.వి.జి. ఫైళ్ళను స్వీకరిస్తున్నారా, స్వీకరిస్తే ఎక్కడ దాస్తున్నారు అని ఆ యువకులను ఒకమాటు అడగటం సభ్యుల హక్కు. ఆ ప్రశ్న అడగటానికి సాంకేతిక విద్య అవసరం లేదు.

ఈ ప్రమాదాలను చూచి వెక్టర్ చిత్రాలను వెలివేయవలెనని ఎవరూ అనరు. ఏ పరిమాణంలోనైనా చెదరని గీత, కంటిచూపు మందగించినవారు పెంచి చదువుకొనగల పటం, తాకితే పలికే పాఠ్యచిత్రం ఈ ప్రమాణం ప్రసాదించిన వరాలే. కోరదగినది ఒక్క విచక్షణ. బయటినుంచి వచ్చిన ప్రతిదానినీ ఇది చూడదగినదా, పాటించదగినదా అని వేరుచేయటం. ఉత్తరం చదివే చెల్లెలికి ఈ వివేకం సహజంగా ఉన్నది. యంత్రానికి అది లేదు. దానిని నిర్మించేవారే ముందుగా ఆలోచించి అందులో అమర్చవలెను.